గుర్వయ్య ఊ అన్నాడు

“మానవుడు పని చేయడానికి పుట్టలేదు! పని తగ్గించుకోవడానికి పుట్టాడు!”

నల్గొండలో గడియారం సెంటరుకు దగ్గరగా ఉన్న ఒక ఫంక్షన్ హాల్లో, మైకు రెండు చేతులా పట్టుకుని, అమరేందర్ గారు ఈ మాట సెలవిచ్చారు. అప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు. హాలంతా చప్పట్లు. సరిగ్గా అదే సమయానికి, నాలుగు సందుల అవతల, దర్జీ గుర్వయ్య చాప మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. అంటే మానవుడు ఏ పని మీద పుట్టాడో ఆ పని అతను అప్పటికే పూర్తి చేసేశాడన్నమాట! ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు గనక, లేచి మొహం కడుక్కుని మామూలుగానే ఉన్నాడు.

గుర్వయ్యకు అరవై ఆరేళ్లు. మూడో తరగతి దాకా చదివి, నాలుగో తరగతి కంటే కత్తెర నయమని తేల్చుకున్నవాడు. మాటలు తక్కువ. ఎవరేమన్నా “ఊ” అంటాడు. వాన వచ్చేట్టుందంటే ఊ. బిడ్డ పెళ్లి కుదిరిందంటే ఊ. నీ దుకాణం ముందు గేదె పడుకుందంటే ఊ. ఆ ఊ అవునో కాదో అడిగినవాళ్లు లేరు. అడిగినా దానికీ ఊ అనేవాడు.

పొద్దున ఆరింటికి దుకాణం మడిగె షట్టరు ఎత్తుతాడు. నాలుగు జాకెట్లు కుడతాడు. పన్నెండింటికి షట్టరు దించుతాడు. ఐదో జాకెట్ గుడ్డ పట్టుకుని వచ్చింది ఎంత పెద్ద ఇంటి ఇల్లాలైనా సరే, మర్నాడే. ఊళ్లో మిగతా దర్జీలు బతుకమ్మ పండుగ ముందు రెండు వందల జాకెట్లు ఒప్పుకుంటారు. “రేపు రా అక్కా” అని ఎనిమిది సార్లు తిప్పి, పండుగ దాటిన మూడో రోజున ఇస్తారు. గుర్వయ్య చెప్పిన రోజునే ఇచ్చేస్తాడు. ఈ దురలవాటు వల్ల తోటి దర్జీల్లో అతనికి మర్యాద లేకుండా పోయింది.

మధ్యాహ్నం పడుకుని లేచాక గుర్వయ్యకు ఒక ముఖ్యమైన కార్యక్రమం ఉంది. పెళ్లాం సోమమ్మతో పచ్చీసు. గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, గవ్వలు వేస్తూ పొద్దు వాలేదాకా ఆడతారు. సోమమ్మ దొంగాట ఆడుతుంది. పడిన గవ్వను చిటికెన వేలితో తిప్పేస్తుంది. గుర్వయ్య ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు, ఒక్కనాడూ అనలేదు. అతను చూస్తున్నాడని సోమమ్మకూ తెలుసు. అసలు ఆట అదే.

ఇక అమరేందర్ గారు. గుర్వయ్య అద్దెకున్న మడిగె, దాని పక్క ఏడు మడిగెలూ ఆయనవే. మేళ్లచెరువు వైపు ఓ సిమెంటు ఫ్యాక్టరీలో మేనేజరుగా ముప్పై ఏళ్లు మూడు షిఫ్టుల మీద మనుషులను తోలిన పెద్దమనిషి. సెలవుల్లో నల్గొండ వచ్చినప్పుడల్లా మడిగెల ముందు నిలబడి గుర్వయ్యను పలకరించేవారు.

“ఏందోయ్ గుర్వయ్యా! పొద్దు నడినెత్తికి వచ్చిందో లేదో షట్టర్ గుంజినవ్. కాళ్లు చేతులు పడిపోయినయా?”

“ఊ.”

“సోమరిపోతుకు మడిగె ఇయ్యాల్నంటే నా అసుంటి మెత్తనోడే ఉండాలె.”

“ఊ.”

పదకొండేళ్లు ఇలా సజావుగా గడిచాయి. తర్వాత అమరేందర్ గారు రిటైరయ్యారు. రిటైరైనవాళ్లకు వచ్చే గుబులు ఆయనకూ వచ్చింది. ఎవరో చెబితే హైదరాబాదు వెళ్లి ఒక శిబిరంలో చేరారు. అక్కడ పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా, మధ్యలో మంచినీళ్లకు కూడా వదలకుండా క్లాసులు పెట్టి, తక్కువ పని చేయడం ఎలాగో మూడు రోజులు నేర్పించారట! ఆయన పూర్తిగా మారిపోయి తిరిగొచ్చారు. వచ్చిన వారానికే నిదాన జీవన సంఘం పెట్టారు. అధ్యక్షులు తానే. కార్యదర్శి కృష్ణకాంత్ గారు. ముప్పై నాలుగేళ్లు సర్కారు ఆఫీసులో ఫైళ్లు కట్టి రిటైరైన మనిషి. రిజిస్టరు లేకపోతే ఆయనకు అన్నం అరగదు.

ప్రారంభ సభ జరిగిన మర్నాడు పన్నెండింటికి, గుర్వయ్య షట్టరు సగం దించేసరికి, కింద నుంచి నాలుగు కాళ్లు కనబడ్డాయి.

“నమస్కారం గుర్వయ్య గారూ!” అన్నారు అమరేందర్ గారు, రెండు చేతులు జోడించి.

గుర్వయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఇంకో గుర్వయ్య ఎవరూ లేరు.

“ఇన్ని రోజులు మేము గుడ్డోళ్లం. మీరు బంగారం అసుంటి మనిషి. రోజుకు నాలుగు జాకెట్లు, పన్నెండింటికి బంద్! హైదరాబాదుల మూడు రోజులు ఇదే చెప్పిండ్రు. మీరు ఎవల దగ్గర నేర్చుకున్నరు?”

“నేర్చుకోలె సార్. నడుము గుంజుతది.”

“రాసుకో కృష్ణకాంత్!” అని అమరేందర్ గారు అరిచారు. “దేహం చెప్పే మాట వినాలె! రాసుకో!”

కృష్ణకాంత్ గారు రాసుకున్నారు. అలా గుర్వయ్య సంఘానికి ఆదర్శ విశ్రాంతి పురుషుడుగా నియమితుడయ్యాడు. నియామకం తక్షణమే అమల్లోకి వచ్చింది. విధులు ఏమిటంటే, రోజూ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి సాయంత్రం ఐదు దాకా, మడిగె ముందు స్టూలు మీద, సభ్యులు చూస్తుండగా ఊరికే కూర్చోవడం.

“ఇంటికి పోవాలె సార్” అన్నాడు గుర్వయ్య.

“ఇంటికాడ కూసుంటే ఎవలకు లాభం? నలుగురు చూస్తెనే విశ్రాంతి పెరిగేది. కాదనకుండ్రి. మడిగె మనదే, మీరు మనవాళ్లే గద!” అని అమరేందర్ గారు షట్టరును ప్రేమగా తట్టారు.

మడిగెను తట్టడంలో ఉన్న భావం గుర్వయ్యకు బోధపడింది. మూడో తరగతి చాలు దానికి. “ఊ” అన్నాడు.

శిక్షణ మొదలైంది. సభ్యులు అరవై మంది. రోజుకు పదిహేను మంది చొప్పున జట్లుగా వచ్చేవారు. ముందు వరస వాళ్లు కుర్చీల్లో, వెనక వరస వాళ్లు ఎండలో. గుర్వయ్య కాలు మీద కాలు వేస్తే ఏ కాలు మీద ఏ కాలో రాసుకునేవారు. గోక్కుంటే ఎక్కడ గోక్కున్నాడో రాసుకునేవారు. ఒకనాడు అలవాటుగా రెప్పలు వాలాయి. కృష్ణకాంత్ గారు పెన్నుతో మెల్లగా పొడిచి లేపారు. “నిద్ర మన పాఠ్యప్రణాళికలో లేదండీ. కూర్చున్న విశ్రాంతి మాత్రమే మంజూరైంది.”

సభ్యులు ఇంటి దగ్గర చేయని పనుల రిజిస్టరు నింపాలి. ఆ రోజు ఏ ఏ పనులు చేయలేదు, ఎందుకు చేయలేదు, చేయకపోవడం వల్ల కలిగిన తృప్తి ఎంత, రెండు ప్రతుల్లో. అది నింపడానికి రోజూ రెండు గంటలు పట్టేది. కొందరు పెద్దవాళ్లు పొద్దునే లేచి నింపేవారు.

గుర్వయ్య మాట్లాడడు. ఇది మొదట్లో ఇబ్బంది పెట్టింది. తర్వాత కృష్ణకాంత్ గారు దాన్ని శాస్త్రీయంగా పరిష్కరించారు. వారం రోజులు గమనించి, గుర్వయ్య ఊలను మూడు తరగతులుగా విభజించి తీర్మానం రాశారు. పొట్టి ఊ అంటే విన్నాను. ముక్కుతో అన్న ఊ అంటే ఆలోచించాలి. నిడుపు ఊ అంటే, అక్కర్లేదు, నాకిది చాలు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. కింద అధ్యక్షులు పచ్చసిరాతో సంతకం చేశారు. గుర్వయ్య ఆ తీర్మానం విని, “ఊ” అన్నాడు. పొట్టిదో నిడుపుదో తేలక ఇద్దరు సభ్యులు సాయంత్రం దాకా వాదించుకున్నారు.

నెల తిరిగేసరికి గుర్వయ్యకు నడుము నిజంగానే పట్టేసింది. ఎనిమిది జాకెట్లు కుట్టినా అంత నొప్పి ఉండదు.

“ఏమాయె నీ కొలువు?” అంది సోమమ్మ, నడుముకు నూనె రాస్తూ.

“ఊరికె కూసునే పని పడ్డది.”

“గదేం పని?”

“గదే నాకు సమజైతలేదు.”

“మరి గా కూసునుడేదో ఇంట్ల కూసోరాదు?”

“ఇంట్ల చూసెటోళ్లు లేరంట.”

“నేను లేనా? నలభై ఏండ్ల సంది చూస్తలేనా నీ మొఖం? రానని చెప్పు.”

“మడిగె ఆయనది.”

సోమమ్మ నూనె గిన్నె పక్కన పెట్టింది. “ఇయ్యాల నీ దిక్కు గవ్వలు గూడ నేనే ఏసిన. నువ్వే ఓడినవ్.”

“ఊ.”

“ఊ అంటవేంది? నాకు మంచిగ లేదు. నువ్వుంటే దొంగాట ఆడొచ్చు. ఒక్కదాన్నే అయితే ఎవల్ని మోసం జెయ్యాలె?”

మధ్యాహ్నం పోయిందన్న బాధ అప్పటిదాకా గుర్వయ్యకు నడుములోనే ఉండేది. ఇప్పుడు పైకి వచ్చింది. మధ్యాహ్నం కావాలంటే మడిగె పోతుంది. మడిగె కావాలంటే మధ్యాహ్నం పోతుంది. రెండూ ఉంచుకునే ఉపాయం కత్తెరకు గాని టేపుకు గాని తట్టలేదు.

అంతలో వార్షికోత్సవం వచ్చింది. సంఘానికి ఇంకా నాలుగు నెలలే అయింది గాని, ఏడాది దాకా ఆగడం తృప్తికి మంచిది కాదని అధ్యక్షులు అభిప్రాయపడ్డారు. పేరు తక్కువ పని మహోత్సవం. అరవై మంది సభ్యులూ ఒకే రకం తెల్ల లాల్చీల్లో రావాలని నిర్ణయించారు.

“కుట్టాల్సింది మీరే గుర్వయ్య గారూ! ఆదర్శ పురుషుడి చేతికుట్టు! అరవై లాల్చీలు, పది రోజులు” అన్నారు అమరేందర్ గారు.

గుర్వయ్య వేళ్లు ముడిచి చూసుకున్నాడు. “రోజుకు నాలుగు సార్. పది రోజులకు నలభై.”

“అయ్యో, జర ఎక్కువ కూసోవాలె! పొద్దంత కూసో. పొద్దుమీకి గూడ కూసో. పది రోజులే గద. మహోత్సవం అయినంక ఎంతసేపైన పండు. ఈ పది రోజులు శిక్షణ బంద్, నీకు పుర్సతు ఇస్తున్న. ఏమంటవ్?”

గారు అనే మాట ఎప్పుడు జారిపోయిందో ఆయన గమనించలేదు. గుర్వయ్య గమనించాడు.

“ఊ...” అన్నాడు.

కృష్ణకాంత్ గారు అలవాటు ప్రకారం రాసుకున్నారు.

పది రోజులూ గుర్వయ్య ఆరింటికి షట్టరు ఎత్తాడు. నాలుగు లాల్చీలు కుట్టాడు, గుండీలు కాజాలతో సహా. పన్నెండింటికి షట్టరు దించి ఇంటికి పోయాడు. శిక్షణ లేదన్నారు, తీరికగా ఉండమని పుర్సతు ఇచ్చామన్నారు. ఇంకేం కావాలి? అన్నం తిన్నాడు, పడుకున్నాడు, లేచాడు, ఓడిపోయాడు. సోమమ్మ పది రోజులూ నవ్వుతూనే ఉంది. దించిన షట్టరు చూసి అమరేందర్ గారు కూడా సంతోషించారు. లోపల తలుపేసుకుని కుడుతున్నాడని ఆయన నమ్మకం.

పదకొండో రోజు, మహోత్సవం నాడు, పొద్దు పదకొండున్నరకు సభ్యులంతా మడిగె ముందు చేరారు. సంఘం జాబితా వరసన లాల్చీలు పంచారు. నలభై దగ్గర మూట ఖాళీ అయింది. జాబితాలో అధ్యక్షుల పేరు వినయం కొద్దీ అట్టడుగున రాసి ఉంది. అరవయ్యోది.

“నా లాల్చీ ఏది?”

“కాలే సార్.”

“కాలేదా! పది దినాలు ఏం జేసినవ్?”

“పన్నెండు దాక కుట్టిన.”

“పన్నెండు అయినంక?”

“పచ్చీసు ఆడిన.”

“పచ్చీసా! మహోత్సవం నెత్తి మీద పెట్టుకుని పచ్చీసా!” అమరేందర్ గారి ముఖం ఎర్రబడింది. “పనిదొంగ! సోమరిపోతు! మా ఫ్యాక్టరీల ఉంటివంటే నీతోని మూడు షిఫ్టులు ఊడిగం జేయించేటోన్ని! తక్కువ పని మహోత్సవానికి పని జెయ్యకపోతే ఎట్లరా?”

వెనక ఇద్దరు కూలీలు నిచ్చెన వేసి “తక్కువ పని - ఎక్కువ తృప్తి” అన్న బ్యానరు కడుతున్నారు. నిన్న పొద్దున మొదలుపెట్టిన పనట, ఇంకా పద్దెనిమిది బ్యానర్లున్నాయి. కొత్త లాల్చీల నలభై మంది ఆకాశం కేసి చూశారు. లాల్చీ రాని పంతొమ్మిది మంది అధ్యక్షుల కేసి చూశారు.

“నువ్వు ఊ అన్నవు గదా! అందరం విన్నం! ఊ అని ఎగ్గొడ్తవా?”

అప్పుడు కృష్ణకాంత్ గారు గొంతు సవరించుకున్నారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన ఫైలుకు విరుద్ధంగా ఎన్నడూ మాట్లాడలేదు. “అధ్యక్షా, మినిట్సు పుస్తకం ప్రకారం ఆ రోజు గుర్వయ్య గారు అన్నది నిడుపు ఊ. తీర్మానంలోని మూడో తరగతి ప్రకారం నిడుపు ఊ అంటే, అక్కర్లేదు, నాకిది చాలు. అనగా వారు సవినయంగా తిరస్కరించారు. కింద పచ్చసిరా సంతకం తమరిదే.”

ఎవరో కిసుక్కుమన్నారు. అమరేందర్ గారు పుస్తకం లాక్కుని చూశారు. సంతకం బాగానే ఉంది. ఆ రోజు వేదిక మీద ఆయన పాత సఫారీ దుస్తుల్లోనే, తక్కువ పని గురించి మూడున్నర గంటలు మాట్లాడారు.

మర్నాడు గుర్వయ్యకు ఉత్తరం వచ్చింది. కృష్ణకాంత్ గారే తెచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకున్నారు. గుర్వయ్య ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

“తమరు పదకొండు సంవత్సరములుగా మా మడిగెలో అవిశ్రాంతముగా శ్రమించుటను చూచి చలించి, తమకు సంపూర్ణ విశ్రాంతి మంజూరు చేయడమైనది. కావున నెలాఖరులోగా కుట్టుమిషను సహా విశ్రాంతిలోనికి వెళ్లవలెను. ఇందులో ఎట్టి అలసత్వమును సహించము.”

“మడిగె ఖాళీ చెయ్యాల్నా?” అన్నాడు గుర్వయ్య.

“అంత మొరటుగా అనకండి. విశ్రాంతి అనండి” అన్నారు కృష్ణకాంత్ గారు. నేల చూస్తూ అన్నారు.

మిషనును ట్రాలీ ఆటోలో ఎక్కించి, పడకుండా పట్టుకుని గుర్వయ్య పక్కనే నిలబడి ఇంటికి వచ్చాడు. వసారాలో దించాడు. ఆ సాయంత్రం ఆడలేదు. సోమమ్మ గవ్వలు తీసి మళ్లీ సంచిలో పోసింది. సంచి మూతి బిగించి, అప్పుడంది:

“ఏమయ్యా, రోజుకు నాలుగెందుకు కుట్టేది నువ్వు?”

“బతకాలె గద.”

“మూడయితే బతకమా? తిండికి, మందులకు, పండుగకు మూడు సాలు. నాలుగోది దేనికి?”

గుర్వయ్య ఆలోచించాడు. “మడిగె కిరాయికి.”

“మడిగె ఏది?”

గుర్వయ్య మిషను కేసి చూశాడు, వసారా కేసి చూశాడు. పదకొండేళ్లుగా మడిగెలో కూర్చోవడం కోసం ఒక జాకెట్, ఆ జాకెట్ కుట్టడం కోసం మడిగె! ఇది అతనికి ఇన్నాళ్లు తోచలేదు.

మర్నాటి నుంచి రోజుకు మూడు. పదిన్నరకు టేపు చుట్టేస్తాడు. గిరాకీ తగ్గలేదు. చెప్పిన రోజు జాకెట్ చేతికిచ్చే మనిషి కోసం ఆడవాళ్లు నాలుగు సందులేం ఖర్మ, నలభై సందులైనా వస్తారు. అమరేందర్ గారి కోడలు కూడా వచ్చింది, వెనక సందులోంచి.

ఖాళీ అయిన మడిగెలో సంఘం తన కేంద్ర కార్యాలయం తెరిచింది. బోర్డు మీద ఇలా రాయించారు: “నిదాన జీవన సంఘం. పనివేళలు ఉదయం 8 నుండి రాత్రి 9 వరకు. ఆదివారం, పండుగ దినములలో సైతం.” లోపల కృష్ణకాంత్ గారు ఒక్కరే, నాలుగు రిజిస్టర్ల మధ్య. మధ్యాహ్నం భోజనం అక్కడికే డబ్బాలో వచ్చేది. ఒక్కోసారి అలాగే తిరిగి వెళ్లేది.

ఇంకో నెలకు, మధ్యాహ్నం మూడింటికి, ఆయన చెమటలు కక్కుకుంటూ గుర్వయ్య వసారా ఎక్కారు. చేతిలో కవరు. సోమమ్మ, గుర్వయ్య ఆట మధ్యలో ఉన్నారు.

“ఏంది సారూ అది?” అంది సోమమ్మ.

“సంజాయిషీ నోటీసమ్మా. మీ ఆయన సంఘ సభ్యత్వం లేకుండా, పదిన్నర నుంచే, అనధికారికంగా విశ్రాంతి అనుభవిస్తున్నట్టు అధ్యక్షుల వారి దృష్టికి వచ్చింది. ఇదే పద్ధతి సాగితే సభ్యుల్లో అసంతృప్తి ప్రబలే ప్రమాదం ఉంది. జవాబు చేతికిచ్చేదాకా కదలొద్దన్నారు.”

“మా ఆయనకు రాసుడు తొందరగ రాదు. ఆట అయినంక రాస్తడు. అప్పటిదాక కూసో సారూ.”

“నేను కూర్చోకూడదు. డ్యూటీలో ఉన్నాను.”

“నిలవడి జూస్తే కండ్లు తిరుగుతయి. కూసో. గవ్వలు వట్టు. మూడో దిక్కు ఖాళీగ ఉన్నది.”

కృష్ణకాంత్ గారు కూర్చున్నారు. కవరు తొడ కింద పెట్టుకుని గవ్వలు పట్టారు. మొదటిసారి వేశారు. రెండోసారి వేశారు. మూడోసారికి చొక్కా పైగుండీ విప్పారు. అంతలో సోమమ్మ వేసింది, ఆయన ఉలిక్కిపడ్డారు.

“అమ్మా! గవ్వ తిప్పారు! నేను చూశాను!”

“చూడాలె సారూ, అనొద్దు” అన్నాడు గుర్వయ్య. ఆ ఏడాదిలో అతను తనంతట తాను మాట్లాడిన మాట అదొక్కటే.

కృష్ణకాంత్ గారు కాసేపు అర్థం కానట్టు చూసి, పగలబడి నవ్వారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, ఆరు నెలల విశ్రాంతి సేవ, అన్నీ కలిపినా అంత నవ్వు ఆయన నవ్వలేదు. తొడ కింద కవరు నలిగిపోయింది.

అప్పుడే ఫోన్ మోగింది. అధ్యక్షులు. గొంతు వసారా అంతా వినబడుతోంది.

“యాడున్నవ్ కృష్ణకాంత్? గంట సంది ఆఫీసుకు తాళం! ఎనిమిది మంది సభ్యులు విశ్రాంతి కోసమని వచ్చి ఎండలో నిలవడ్డరు! ఏం జేస్తున్నవ్?”

కృష్ణకాంత్ గారు గవ్వలను గుప్పిట్లో గట్టిగా మూశారు, చప్పుడు కాకుండా.

“పని మీద ఉన్నాను సార్” అన్నారు. “తల తిప్పే పుర్సతు కూడా లేదు.”